ఒక లిపి - రెండు రాజ్యములు

దక్షిణ కొరియాలో అక్టోబరు 9వ తేదీ సెలవుదినము. ఆనాడు ఏ రాజునకు పట్టాభిషేకమును జరుగలేదు, ఏ సేనయు జయించి తిరిగి రాలేదు. ఆ దినము ఒక లిపి పండుగ. 1991 మొదలు కొంతకాలము ఈ సెలవును తీసివేసి, మరల 2013లో పునరుద్ధరించిరి. ఉత్తర కొరియాలో అదే లిపికి పండుగ జనవరి 15వ తేదీన జరుగును. దక్షిణమువారు లిపి ప్రజలకు ప్రకటింపబడిన దినమును లెక్కలోనికి తీసికొనిరి. ఉత్తరమువారు అది కల్పింపబడిన మాసమును తీసికొనిరి. పేరును ఒకటి కాదు. సియోలులో దాని పేరు హంగుల్, ప్యోంగ్యాంగులో చొసొన్‌గుల్. అక్షరములు మాత్రము అవే.

2023 జనవరిలో ప్యోంగ్యాంగు ప్రభుత్వము ఒక శాసనము చేసెను. దాని పేరు ప్యోంగ్యాంగు సాంస్కృతిక భాషా సంరక్షణ శాసనము. దక్షిణమువారి మాటలను వాడుట, వారి యాసను అనుకరించుట దాని ప్రకారము నేరములు. బయటకు పొక్కిన శాసనపాఠము ననుసరించి ఈ నేరమునకు కనీసపు శిక్ష ఆరు సంవత్సరముల కఠిన శ్రమ; నేరము తీవ్రమైనచో మరణదండన వరకును పోవచ్చును. ఒకే భాషలో, ఒకే లిపి వ్రాయు ప్రజలలో, ఒక పలుకుబడి దేశభక్తియు మరియొకటి ద్రోహమును ఎట్లయినవి? రాజకీయము మొదటి కారణమని వేరుగ చెప్ప నక్కరలేదు. కాని ఆ లిపికిని ఆ ప్రజల నోటికిని నడుమ ఆరు శతాబ్దములుగా సాగుచున్న వ్యవహారమును చూడనిదే ఈ శాసనము దేనిని పట్టుకొనజూచుచున్నదో, దేనిని పట్టుకొనలేదో బోధపడదు.

హంగుల్‌ను గూర్చి లోకములో ఒక మాట వాడుకలో నున్నది: అది పలికినది పలికినట్లు వ్రాయు లిపి యని. పుట్టుకనుబట్టి చూచిన ఈ మాట నిజమునకు చాల దగ్గర. చొసొన్ వంశపు నాలుగవ రాజు సేజోంగ్ 1443 చివర, చాంద్రమానమున పండ్రెండవ మాసములో, 28 అక్షరములను కల్పించెను. 1446లో అవి ప్రకటింపబడెను. వాటికి పెట్టిన పేరు హున్మిన్ జోంగుమ్. ప్రజలకు నేర్పవలసిన సరియైన ధ్వనులు అని అర్థము. అప్పటివరకు కొరియాలో చదువనగా చీనా లిపియే. ఆ భాష వేరు, ఈ భాష వేరు. న్యాయస్థానములో తనపై వ్రాసిన అభియోగమేమో రైతునకు తెలియదు.

ఈ అక్షరముల ఆకారములకు ఆధారమేమో వివరించు గ్రంథము ఒకటి 1446లోనే వెలువడెను. రాజాస్థానములోని పండితులు దానిని కూర్చిరి. అది శతాబ్దముల తరబడి కంటబడక, 1940లో ఆందోంగ్ ప్రాంతమున దొరకెను. అంతవరకు ఈ ఆకారములు కిటికీల చట్రములను చూచి గీచినవను ఊహలు కూడ ప్రచారములో నుండెను! గ్రంథము చెప్పినది వేరు. క వంటి ధ్వనికి గుర్తు, నాలుక మొదలు పైకి లేచి గొంతును మూయు తీరు: ఒక అడ్డగీత, దాని కుడికొన నుండి క్రిందికి దిగు గీత. న ధ్వనికి గుర్తు, నాలుక కొన పైచిగురును తాకు తీరు: నిలువుగీత, దాని అడుగున కుడికి సాగు గీత. మ అక్షరము చదరము, అది నోరు. స అక్షరము పంటి రూపు. గొంతునకు గుర్తు సున్న. ఈ అయిదింటికి గీతలు చేర్చుచు పోయిన ధ్వని గట్టిపడుచు పోవును. న కు ఒక గీత చేర్చిన ట, ద ల నడిమి ధ్వని. మరియొక గీత చేర్చిన దాని ఒత్తు ధ్వని. అచ్చులకు మూలము మూడు గుర్తులు: ఆకాశమునకు చుక్క, భూమికి అడ్డగీత, నడుమ నిలిచిన మనుష్యునకు నిలువుగీత.

మనకు ఇది మరీ పరాయిదిగ తోచదు. కంఠ్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని ధ్వనులను పుట్టుచోటునుబట్టి వర్గములుగ విభజించుట మన శిక్షాశాస్త్రమునకు వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్య బౌద్ధ భిక్షువుల వెంట చీనాకు పోయి అక్కడి శబ్దశాస్త్రమునకు ప్రేరణ నిచ్చెను. సేజోంగ్ చదివినది ఆ చీనా శాస్త్రమునే. కాని మన పూర్వులు వర్గములను వరుసలో చూపిరి గాని అక్షరపు ఆకృతిలో చూపలేదు. ప-ఫ, ద-ధ, డ-ఢ లలో అడుగున వ్రేలాడు చిన్న గీత కొంత అట్టి పని చేయుచున్నమాట నిజమే; అయినను క ను చూచి ఖ ను ఊహింప నెవరి తరము? 1985లో జెఫ్రీ సాంప్సన్ అను ఆంగ్ల భాషాశాస్త్రజ్ఞుడు ఈ గుణమునుబట్టియే హంగుల్‌ను తక్కిన వర్ణమాలలనుండి వేరుచేసి, ధ్వని లక్షణములను గుర్తించు లిపిగా దానికి ప్రత్యేక తరగతి కల్పించెను. గారీ లెడ్యార్డ్ అను అమెరికను పండితుడు కొన్ని హల్లులకు మంగోలుల ఫగ్స్‌పా లిపి ఆధారమని వాదించెను. ఆ లిపి టిబెట్టు లిపినుండియు, టిబెట్టు లిపి బ్రాహ్మినుండియు వచ్చినవి గనుక, ఈ వాదము నిలిచినచో హంగుల్ మన తెలుగు లిపికి దూరపు చుట్టమగును. అది నేటికిని వివాదగ్రస్తమే. కొందరు కొరియనులకు ఈ చుట్టరికము రుచింపకపోవుట అర్థము చేసికొనదగినదే గాని, రుచి వేరు, రుజువు వేరు.

ఆనాడే ఎదిరించినవారును లేకపోలేదు. 1444లో చ్వే మన్‌రి మొదలైన పండితులు రాజునకు విజ్ఞప్తి సమర్పించిరి. చీనా నాగరికతను విడిచి సొంత లిపి పెట్టుకొనువారు అనాగరికుల జాబితాలో చేరుదురని వారి భయము. ఈ పండితుని పేరులోనే మన ప్రస్తుత విషయము దాగియున్నది. వ్రాయునది మన్-రి, చదువునది మల్లి.

ఇచ్చటనే పలికినట్లు వ్రాయు లిపి యను కీర్తికి మొదటి బీట కనబడుచున్నది. కొరియా భాషలో పదములు కలిసినప్పుడు ధ్వనులు మారును. గుక్ అనగా పులుసు, ముల్ అనగా నీరు. రెండును కలిసిన నోట వచ్చునది గుఙ్ముల్. పాఠకులు దీనిని వెంటనే గుర్తింతురు. వాక్ + మయము = వాఙ్మయము; జగత్ + నాథుడు = జగన్నాథుడు. అదే అనునాసిక సంధి. భేదమెక్కడ ననగా, మనము సంధి చేసి వ్రాయుదుము. వారు సంధి చేసి పలుకుదురు గాని, విడదీసి వ్రాయుదురు. వారి పద్ధతిలో మన పత్రికలు నడచినచో ‘వాక్మయము’ అని అచ్చువేసి ‘వాఙ్మయము’ అని చదువుకొనవలెను.

అంతకంటెను విచిత్రమైన ఉదాహరణ ఒకటి కలదు. కొడవలి, పగలు, ముఖము, విడి వస్తువు, గింజ - ఈ అయిదింటికిని కొరియా భాషలో విడిగా పలుకునప్పుడు ఒకే శబ్దము: నత్. వ్రాతలో మాత్రము అయిదు రూపములు. చివర ఒకదానికి స, ఒకదానికి జ, ఒకదానికి చ, తక్కిన రెండింటికి రెండు విధములైన త. పరమందు అచ్చు చేరినప్పుడే ఈ హల్లులలో కొన్ని బయటపడును: కొడవలి నసి యగును, పగలు నజి యగును, ముఖము నచి యగును. అనగా వ్రాత వినబడుచున్న ధ్వనిని చెప్పుట లేదు. ఆ పదము మరియొకచోట ఎట్లుండునో గుర్తుచేయుచున్నది. చెవికి కాదు, కంటికి అర్థము చూపుచున్నది. ధ్వనికొరకు పుట్టిన లిపి పదముయొక్క నిలుకడ రూపమునకు ఊడిగము చేయుచున్నది.

ఇది ఎట్లు జరిగినది? సేజోంగ్ కాలపు పుస్తకములలో పెక్కింట పలికినట్లే వ్రాసిరి. తరువాత నాలుగు శతాబ్దములపాటు లిపికి రాజాదరణ కొరవడెను. 1504లో ఒక రాజు తన్ను నిందించుచు ఆ లిపిలో ప్రకటనలు వెలసినవని దానిని నిషేధించెను. స్త్రీల ఉత్తరములలోను, కథల పుస్తకములలోను బ్రదికిన లిపికి నియమమెవ్వరు పెట్టుదురు? ఒక్కొక్క చేయి ఒక్కొక్క తీరుగ వ్రాసెను. 1894 సంస్కరణలతో అది ప్రభుత్వ లిపి యయ్యెను. 1896లో కేవలము ఈ లిపిలోనే వెలువడిన మొదటి పత్రిక స్వాతంత్ర్య పత్రిక. దాని మొదటి సంచికల తలకట్టుపై దోక్-నిప్ అని యున్నది, అనగా సగము పలికినట్లు. కొన్ని సంచికల తరువాత అది దోక్-రిప్ అని మారెను, పదముల మూలరూపము ననుసరించి. నోట పలుకునది రెండును కాదు, దోంగ్‌నిప్. తలకట్టులో ఒక్క అక్షరము మారుటలోనే రాబోవు శతాబ్దపు తగవంతయు ఉన్నది.

ఆ పత్రికలో అచ్చుతప్పులు దిద్దుచుండిన యువకుడు జు సిగ్యోంగ్. హంగుల్ అను పేరు ప్రచారములోనికి వచ్చినది ఆయన వలననే యని చెప్పుదురు. పదమునకు ఒక రూపము, ప్రత్యయమునకు ఒక రూపము, కలయికలో ధ్వని ఎట్లు మారినను వ్రాత మారరాదు - ఇది ఆయన సిద్ధాంతము. 1914లో, ముప్పది యేడేండ్ల ప్రాయమున ఆయన మరణించెను. శిష్యులు ఆ దారినే పట్టిరి. జపాను పాలనలో, 1933లో, కొరియా భాషా సంఘము ఏకరూప లేఖన నియమావళిని ప్రకటించెను. ప్రమాణ భాషను పలికినట్లు వ్రాయవలెనని చెప్పుచు, అది వ్యాకరణమునకు ఒదుగునట్లు ఉండవలెనని అందులోనే చేర్చిరి. మొదటి సగము సేజోంగ్‌ది, రెండవ సగము జు సిగ్యోంగ్‌ది. 1942లో జపాను పోలీసులు ఆ సంఘమువారిని నిర్బంధించిరి. యి యున్‌జే, హన్ జింగ్ అనువారు చెరలోనే మరణించిరి. వారి నిఘంటువు వ్రాతప్రతిని సాక్ష్యముగ పట్టుకొనిపోయిరి. 1945 సెప్టెంబరులో అది సియోలు రైల్వేస్టేషను గిడ్డంగిలో దొరకెను. రెండు సంవత్సరములకు మొదటి సంపుటము అచ్చయ్యెను. వర్ణక్రమము కొరకు మనుషులు చచ్చిపోయిన దేశములో దానిని మార్చుట ఎంత కష్టమో ఒక అధ్యక్షుడు నేర్చుకొనవలసి వచ్చెను.

ఆయన సింగ్మన్ రీ. దీర్ఘకాలము అమెరికాలో ప్రవాసముండి వచ్చిన వృద్ధుడు. బాల్యములో నేర్చినది 1933కు పూర్వపు వ్రాత. తాను లేని కాలములో పండితులు చేసిన ఈ కట్టడి ఆయనకు అనవసరపు చిక్కుముడిగ తోచెను. యుద్ధము ఇంకను ముగియకముందే, 1953 ఏప్రిలులో, పాత తేలిక పద్ధతికి మరలవలసినదని ప్రభుత్వము ఉత్తరువు చేసెను. విద్యాశాఖలో పాఠ్యగ్రంథములు చూచుచుండిన చ్వే హ్యోన్‌బే రాజీనామా ఇచ్చెను. ఆయన జు సిగ్యోంగ్ శిష్యుడు. తరువాత విద్యామంత్రియు తప్పుకొనెను. 1954 జులైలో సరళీకరణ ప్రణాళిక వెలువడినది. పండితులు, ఉపాధ్యాయులు, పత్రికలవారు ఏకమై ఎదిరించిరి. 1955 సెప్టెంబరులో అధ్యక్షుడు, ప్రజలు కోరుకొన్నట్లే కానిండని చేతులు దులుపుకొనెను. యుద్ధమునుండి బయటపడిన దేశమునకు ఇదా పని యని నవ్వినవారు ఉండవచ్చును. కాని రీ చెప్పినది వట్టి మూర్ఖపుమాట కాదు. పామరునకు ధ్వని తెలియును, వ్యాకరణము తెలియదు. నత్ అను శబ్దమునకు అయిదు వర్ణక్రమములు నేర్వుమనుట వానికి బరువే. లిపి పుట్టినది వానికొరకే గదా!

అయినను ఆయన నెగ్గకపోవుట మేలయ్యెనని నా అభిప్రాయము. దానికి కారణము వ్యాకరణపు అందము కాదు. ఉత్తర కొరియా కూడ 1933 మార్గమునే ఆధారము చేసికొనెను. అక్కడి పెద్ద కిమ్ దుబోంగ్. ఆయనయు జు సిగ్యోంగ్ శిష్యుడే. 1948లో ఆయన నాయకత్వమున, పదరూపము ఎక్కడను చెదరకుండ ఉండుటకై ఆరు కొత్త అక్షరములను కూడ చేర్చజూచిరి. 1954 నియమావళిలో ఆ అక్షరములు పోయినవి. తరువాత నాలుగేండ్లకు కిమ్ దుబోంగే పదవినుండి తొలగింపబడెను. మూలసూత్రము మాత్రము నిలిచెను. దక్షిణమున రీ మాట సాగియుండిన, ఒకరు ధ్వనినిబట్టియు ఒకరు పదమునుబట్టియు వ్రాయు రెండు కొరియాలు ఏర్పడియుండెడివి. నేడు ప్యోంగ్యాంగు పుస్తకమును సియోలు బాలుడు చదువగలుగుటకు, ఒకే గురువు శిష్యులు ఇరువురు సరిహద్దుకు చెరియొక వైపున ఉండుట కొంత కారణము.

భేదములు లేకపోలేదు. పదాదియందలి ర, న ల విషయము వాటిలో ముఖ్యము. చీనానుండి వచ్చిన పదములలో మొదటి ర దక్షిణపు నోట న యగును, లేదా లోపించును. దక్షిణమువారు ఇచ్చట మాత్రము పలికినట్లు వ్రాయుదురు. ఉత్తరమువారు మూలరూపమును వ్రాసి, అట్లే పలుకవలెననియు నియమించిరి. శ్రమ అను పదము సియోలులో నోదోంగ్, ప్యోంగ్యాంగులో రోదోంగ్. స్త్రీ అక్కడ న్యోజ, ఇక్కడ యోజ. ఇంటిపేరు అక్కడ రి, ఇక్కడ ఇ. సింగ్మన్ రీ ఇంగ్లీషులో తన్ను రీ అనుకొనినను, ఆయన దేశపు పాఠ్యపుస్తకములలో ఆయన ఇంటిపేరు ఇ. తమ వంశము పేరు ర్యు గాని యు కాదని పట్టుబట్టిన దక్షిణ కుటుంబములకు, 2007లో న్యాయవ్యవస్థ దారి యిచ్చెను. కుటుంబపు రిజిస్టరులో ర ను నిలుపుకొనుటకు అనుమతి లభించెను. నియమమునకు పదమొకటే గాని, మనుష్యునకు తన తాత పేరు వేరు.

ఈ లోపల నోరు తన దారిన తాను పోవుచునే యున్నది. సేజోంగ్ 28 అక్షరములలో నేడు మిగిలినవి 24. మనకు శకటరేఫమును అరసున్నయు జారిపోయినట్లే అక్కడ నాలుగు జారిపోయెను. ఇప్పుడు సియోలు యువకులు ఎ, ఆ రెంటి నడిమిదైన ఒక అచ్చును ఎ నుండి వేరుచేసి పలుకుట లేదు. దీనివలన ‘నా’ అను మాటయు ‘నీ’ అను మాటయు ఒకటే అయినవి! ప్రమాదము గ్రహించిన నోరు ‘నీ’ అనుటకు ‘ని’ అను మరియొక రూపమును వెదకుకొన్నది. వ్రాతలో మాత్రము పాతదే. ఆనాడు సేజోంగ్ పండితులు అక్షరమునకు ఎడమ ప్రక్క చుక్కలు పెట్టి స్వరపు హెచ్చుతగ్గులను కూడ గుర్తించిరి. ఆ చుక్కలు తరువాత పోయినవి. సియోలు భాషలో ఆ స్వరభేదమును పోయెను. ఇటీవలి దశాబ్దములలో శాస్త్రజ్ఞులు గమనించిన దేమనగా, పదాదిని మెత్తని హల్లును, ఒత్తు హల్లును నగరపు యువతరము వేరుచేయుచున్నది ఊపిరితో కాక స్వరపు ఎత్తుతో నని. వెడలగొట్టిన అతిథి పెరటిద్వారమున మరల వచ్చినట్లున్నది. ఇప్పుడు గుర్తింప చుక్కలు లేవు.

ప్రజల నోరు నియమమును ఓడించిన సందర్భము ఒకటి చెప్పవలెను. నల్లని పప్పుముద్దతో చేయు సేమియా వంటకము ఒకటి సియోలులో బీదకు ధనికునకు ప్రీతిపాత్రము. 1986 నియమముల ప్రకారము దానిని జజంగ్‌మ్యోన్ అని మెత్తగా వ్రాయవలెను, పలుకవలెను. రేడియోలో చదువువారు తప్ప అట్లు పలికిన పాపాన పోయినవారు లేరు. అందరును మొదటి హల్లును బిగించి ‘జ్జజంగ్‌మ్యోన్’ అనిరి. పాతిక సంవత్సరములు పోరాడి, 2011లో జాతీయ భాషా సంస్థ రెండవ రూపమును ఒప్పుకొనెను.

సర్వధ్వనులను వ్రాయగల లిపి యని హంగుల్‌ను పరదేశములకు పంపజూచువారును కలరు. 2009లో ఇండొనీషియాలోని బూటన్ దీవిలో సియా-సియా అను చిన్న భాషకు దానిని నేర్పిరి. ఆ భాషలోని వ ధ్వనికి నేటి హంగుల్‌లో అక్షరము లేక, వాడుకనుండి పోయిన ఒక పాత అక్షరమును త్రవ్వి తీయవలసి వచ్చెను. సర్వధ్వని ప్రతాపము అంతవరకే.

మన గిడుగువారి వాదమును ఈ తగవునకు అతికి చూచుట సులభము, కాని సరికాదు. మన వివాదము ఏ భాషను వ్రాయవలెనని. వారిది ఒకే భాషను ఏ తీరున వ్రాయవలెనని. అయినను పెనుకొండ దగ్గర ఎఱ్ఱమంచిలో 2019 నుండి కొరియా కార్లు తయారగుచున్నవి; మన యువతీయువకులు కొందరు ఈ అక్షరములను దిద్దుచున్నారు. ఒక్క దినములో అక్షరములు వచ్చినవని వారు సంతోషింతురు, నెల తరువాత చదివినది ఒకటి విన్నది ఒకటి యని దిగులుపడుదురు. అనునాసిక సంధిని తలచుకొన్న ఆ దిగులు సగము తీరును.

ఇక 2023 శాసనము సంగతి. అందులో నిషేధింపబడినవి ఏమి? రక్తసంబంధము లేని యువకుని యువతి ‘ఒప్పా’ అని, అనగా అన్నా యని పిలుచుట. ఉద్యోగపు పేరునకు ‘నిమ్’ అని గౌరవప్రత్యయము చేర్చుట. వాక్యపు తోకను సాగదీసి పైకెత్తు దక్షిణపు యాస. మొదటి రెండును వ్రాయవచ్చును, దొరకవచ్చును. మూడవదానికి లిపిలో చోటు లేదు. సేజోంగ్ చుక్కలు పదమునకు స్వరము చూపెనే గాని వాక్యమునకు చూపలేదు. నేడు అవియు లేవు. దక్షిణపు నాటకములను రహస్యముగ చూచిన బాలిక గొంతులో ఆ తోక పైకి లేచెనని నిర్ణయించువాడు పోలీసు చెవి తప్ప వేరు సాక్షి యుండడు. అంతకుముందు ఎన్నడును ఇంత కఠినముగ రాజ్యము కాగితమును దాటి గొంతులోనికి దిగలేదు. 2023 డిసెంబరు చివర కిమ్ జోంగ్ ఉన్ రెండు కొరియాలును ఇక శత్రురాజ్యములే యనెను. 2024 జనవరిలో ఐక్యతను గూర్చిన మాటనే రాజ్యాంగమున ఉంచరాదనెను. యాసపై శాసనము అంతకు ఏడాది ముందే వచ్చినది.

వేరొక ప్రయత్నము ఆగి యున్నది. 1989లో దక్షిణపు మతాచార్యుడు మూన్ ఇక్‌హ్వాన్ ప్యోంగ్యాంగు పోయి కిమ్ ఇల్ సుంగ్‌తో ఉమ్మడి నిఘంటువు మాట ఎత్తెను. 2005లో ఉభయపక్షముల పండితులు ఆ పని ప్రారంభించిరి; 2007లో దక్షిణపు శాసనసభ దానికై చట్టము చేసెను. రాజకీయములు చెడినప్పుడెల్ల ఆగుచు, మరల సాగుచు, 2015 వరకు 25 సమావేశములు జరిగినవి. అక్షరముల వరుస, పదముల నడుమ ఎడము, విదేశపదముల వ్రాత - ఒక్కొక్కటే తీసికొని కూర్చుండి వాదించిరి. తేలని చిక్కులలో పదాదియందలి ర, న ఒకటి. ప్యోంగ్యాంగు పార్టీ పత్రిక పేరులో మొదటి పదము రోదోంగ్. సియోలు శ్రామిక మంత్రిత్వశాఖ పేరులో అదే పదము నోదోంగ్. ఉమ్మడి నిఘంటువులో శ్రమ అను మాటకొరకు ఏ అక్షరము క్రింద వెదకవలెనో నిర్ణయించువారు కలిసి కూర్చుండుట 2015 డిసెంబరుతో ఆగిపోయినది.